తనిఖీ రాష్ట్రానిది, లెక్క అడగాల్సింది కేంద్రం



పాశమైలారంలోని ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో 50 మందికి పైగా పోయారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఆ మాట ఎత్తితే ఒకరు చట్టం బలహీనమంటారు, ఇంకొకరు రాష్ట్ర అధికారులు నిద్రపోయారంటారు. పటాన్‌చెరు వైపు రసాయన ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా పనిచేసి రిటైరైన నాకు తోచిందొకటే: తనిఖీ రాష్ట్రం చేతిలోనే ఉండాలి, అది సరిగా జరుగుతోందా అని కేంద్రం గట్టిగా అడగాలి. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

1948 ఫ్యాక్టరీల చట్టం చేసింది కేంద్రం. ఇన్‌స్పెక్టర్లను వేసేది మాత్రం రాష్ట్రం. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత, 1987లో ప్రమాదకర పరిశ్రమలకు ప్రత్యేక అధ్యాయం చేర్చినప్పుడూ ఈ పద్ధతి మారలేదు. సింగరేణి బొగ్గుగని కార్మికుడి భద్రతను ధన్‌బాద్‌లోని కేంద్ర సంస్థ చూస్తుంది. రసాయన రియాక్టర్ దగ్గర నిలబడే కార్మికుడికి అలాంటి దిక్కు లేదు. ముంబైలో ఫ్యాక్టరీల సలహా సంస్థ ఒకటి ఉంది కానీ, ఓడరేవుల్లో తప్ప దానికి చర్య తీసుకునే అధికారం లేదు.

పైన అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో, 2020 మే 7న విశాఖలో స్టైరీన్ వాయువు లీకైన కంపెనీ సంగతి చూడండి. కేంద్ర నిబంధనల ప్రకారం ఉండాల్సిన పర్యావరణ అనుమతి దానికి లేదు. రాష్ట్ర స్థాయి అనుమతులు మాత్రం అందుతూ వచ్చాయి.

మా ఫ్యాక్టరీలో తనిఖీ కబురు రెండు రోజుల ముందే తెలిసేది. ఫ్లోరు కడిగేవాళ్లం, కాంట్రాక్టు కుర్రాళ్లకు గ్లౌజులు, మాస్కులు పంచేవాళ్లం. అధికారి కారు గేటు దాటగానే అవి మళ్లీ స్టోరుకు చేరేవి. పంచిందీ, వెనక్కి తీసుకుందీ నేనే. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తోంది.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక భద్రతా కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ పేరు పక్కన ‘ఫెసిలిటేటర్’ (సహాయకుడు) అని చేర్చారు. ఎక్కడికి తనిఖీకి వెళ్లాలో కంప్యూటర్ తేల్చే పద్ధతికి వీలిచ్చారు. ఉపాధి పేరుతో కొత్త ఫ్యాక్టరీలకు రాష్ట్రాలు మినహాయింపులూ ఇవ్వొచ్చు. పెట్టుబడుల కోసం పోటీపడే రాష్ట్రాలు ఈ అవకాశాన్ని వదులుకుంటాయా? ముందు చెప్పకుండా, పగలైనా రాత్రైనా ఇన్‌స్పెక్టర్ లోపలికి వెళ్లగలగాలనే అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 1949లోనే ఆమోదించింది. ఆ మాట నిలబెట్టుకోవాల్సింది ఢిల్లీ.

రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలకు నా విన్నపం. ప్రమాదకర ఫ్యాక్టరీల్లో ఆకస్మిక తనిఖీ తప్పనిసరి చేయించండి. ఏ రాష్ట్రంలో ఎన్ని ఇన్‌స్పెక్టర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయో, ఎన్ని తనిఖీలు జరిగాయో ఏటా పార్లమెంటు ముందు పెట్టించండి. వచ్చే సమావేశాల్లోనే ఈ ప్రశ్న వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జి,
పటాన్‌చెరు