చెత్త ఉత్తరములను గూడ సేకరింపుడు

కడప సీ.పీ. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రాధికారులకు,



వేమన పద్యముల వ్రాతప్రతులను సంపాదించి, పండితులకు జీతములిచ్చి పాఠములు సరిచూపించి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చొత్తించిన బ్రౌను దొర నివసించిన చోట వెలసిన సంస్థ మీది. కావున ఆ సేకరణబుద్ధికే చెందినదైనను, వినుటకు వింతగా దోచు మనవి యొకటి మీ యెదుట నుంచుచున్నాను. తెలుగులో వచ్చు స్పామ్ ఈమెయిళ్ళను మీరు సేకరింపవలెను.

చక్రాయపేట మండలమున చీనీతోటల రైతులకును వ్యాపారులకును ఉత్తరప్రత్యుత్తరములు సాగుటకై చిన్న వెబ్‌సైటు నొకదానిని చూచుకొనుచున్నాను. స్వంత సర్వరునకు స్తోమత లేనందున మాబోంట్లకు షేర్డ్ హోస్టింగే గతి. ఒకే వాకిలిగల లోగిలిలో పలు కాపురములవలె, ఒకే యంత్రముమీద, ఒకే ఐపీ చిరునామాతో వందలాది వెబ్‌సైట్లుండును. అందొకడు స్పామ్ పంపి ఆ చిరునామాను నిషేధపు జాబితాల కెక్కించెనా, తక్కినవారి ఉత్తరములును అనుమానమునకు గుఱియగును.

మా యొద్దకు వచ్చు స్పామును వడగట్టుటకు స్పామ్‌అసాసిన్ అను సాఫ్ట్‌వేరు కలదు. అది ప్రతి ఉత్తరమునకు మార్కులు వేసి, సాధారణముగా 5 అందుకొన్నదానిని స్పామని ముద్రించును. అది చాలనిచోట, హోస్టింగును చక్కబెట్టుకొను సీప్యానెల్‌లో మనమే ఫిల్టరు వ్రాసికొనవచ్చును. తెలుగువాని కష్ట మిచ్చటనే. లోపలి విషయమున 'లాటరీ' యను మాటయున్న ఉత్తరమును తొలగింపుమని తెలుగు లిపిలో నియమము పెట్టినను పెక్కుమారులు ఫలింపదు; ఏలయన, తెలుగు ఉత్తరము దారిలో తెలుగుగా నడువక, తఱచుగా బేస్64 అను సంకేతపద్ధతిని రోమను అక్షరములుగను అంకెలుగను మాఱి వచ్చును, ఫిల్టరును నడుపు ఎగ్జిమ్ అను మెయిల్ ప్రోగ్రాము ఆ సంకేతమును విప్పకయే వెదకును. ఆంగ్లపు లాటరీ పట్టుబడును, తెలుగు లాటరీ తప్పించుకొనును!

ఇక మిగిలినది, స్పామ్‌అసాసిన్‌లోనే యున్న, 2002లో పాల్ గ్రాహమ్ వ్రాసిన వ్యాసముతో ప్రచారమునకు వచ్చిన బేయీజియన్ పద్ధతి. మంచి ఉత్తరములను చెడ్డవానిని వేఱుపఱచి చూపినచో, ఏ మాట ఎందధికముగా దొరకునో గణించి యంత్రము తానే నేర్చుకొనును. దానికి భాషాభేదము లేదు. అయితే ఆ లెక్కను వాడుటకు ముందు చెడ్డవి 200, మంచివి 200 చూపుమని స్పామ్‌అసాసిన్ కోరును. చీనీ రైతొకనికి తెలుగులో 200 మోసపుటుత్తరములు ఎన్నేండ్లకు వచ్చును? (రాకుండుటయే మేలనుకొనుడు.) వచ్చినవానిని చూచినవెంటనే తుడిచివేయుచున్నాము. ఆంగ్లమున నట్టి సంకలనములు చిరకాలమునుండి ఉచితముగా దొరకుచున్నవి.

కనుక మీరొక చిరునామా ప్రకటించి, అట్టి ఉత్తరములను హెడర్లతోసహా పంపుమని ప్రజలను కోరుడు. రోమను లిపిలో వ్రాసిన తెలుగు ఉత్తరములను విడువకుడు, మోసగాండ్రు ఆ లిపిని గూడ వాడుదురు. యంత్రమునకు పోల్చి చూపుటకు మంచి ఉత్తరములును కావలెను. వానిని రాబట్టుటయే కష్టము, మోసగాని ఉత్తరము ఎవ్వడైన నిచ్చును గాని ఇంటి ఉత్తరము నెవ్వడును ఈయడు. పేర్లను, ఫోను నంబర్లను, బ్యాంకు ఖాతాలను తొలగించెదమని మీరు మాట యీయవలెను. ఏది చెత్తయో నిర్ణయించుటయు తేలిక కాదు. చీటీల కంపెనీ ప్రకటన ఒకనికి బెడద, మఱొకడు కోరి తెప్పించుకొన్నది. పాఠనిర్ణయమున నాఱితేఱిన పండితులు గావలసిన దిందులకే. సంకేతములు విప్పు పనిని మా పొరుగున ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ విద్యార్థుల కప్పగింపవచ్చును. సంచయము సిద్ధమైనచో హోస్టింగు కంపెనీలే తమ యంత్రములకు తెలుగు నేర్పుకొనగలవు.

ఇకమీదట మాకు వచ్చువానిని తుడిచివేయక దాచియుంచెదము. ఏ రూపమున పంపవలెనో తెలుపుడు.

ఇట్లు
భవదీయుడు,
చీనీ రైతుల వెబ్‌సైటు నిర్వాహకుడు,
చక్రాయపేట