పిన్ను పట్టిందని చార్జింగ్ పెడ్తరా భాయ్?

మా భైంసా దిక్కు పత్తికి, సోయాకు మందు కొట్టే పంపులు బ్యాటరీవి అయినయ్. ఈద్గాల, ఖబ్రస్తాన్‌ల గడ్డి కోసే మిషన్లు సుత బ్యాటరీవే వస్తున్నయ్. మజ్దూర్ల రెక్కలకు జర ఆరామ్ దొరికింది, ఖుషీయే. కాని చార్జర్ ఖరాబైతే పక్కింటిది తెచ్చి పెట్టుడు ఆదతైపోయింది. "పిన్ను పడ్తుంది గద" అంటరు. వోల్టులెన్ని అని పూచ్‌తాచ్ లేదు.

అసల్ ఖత్రా ఇక్కడనే. పంపుల పాత బ్యాటరీ సీసంది, ఎక్కువగ 12 వోల్టులది. దాని చార్జర్ 14 వోల్టుల పైననే ఇస్తది, సీసానికి అది కావాలె. ఇప్పుడు బరువు తక్కువని అదే పంపుల లిథియం ప్యాకు వేసిస్తున్నరు. మూడు సెల్లుల లిథియం ప్యాకు 12.6 వోల్టుల కాడ నిండిపోతది, సెల్లుకు 4.2 హద్దు. దానికి సీసం చార్జర్ పెడితే, లోపల కాపాడే బోర్డు లేకపోయినా, సస్తా మాలైనా, ప్యాకు ఉబ్బుతది, అంటుకుంటది సుత. రేటు కోసం పత్తిని ఇంట్లనే నింపుకునే రైతులున్న జాగ మనది. రాత్రి చార్జింగ్ పెట్టి పండుకుంటే పక్కన ఏముందో సోంచాయించుండ్రి.

గడ్డి మిషన్లది ఇంకో తమాషా. డబ్బా మీద "48 వీఎఫ్" అని పెద్దగ ఉంటది. చాలావాటిని విప్పి చూస్తే ఐదు సెల్లులే, మామూలుగ 18 వోల్టులు, నిండితే 21. ఆ 48 వోల్టులది కాదు, వ్యాపారానిది. దాన్ని ఏతబార్ చేసి 48 వోల్టుల కరెంటు బండి చార్జర్ తగిలిస్తే గోవిందా.

డబ్బాను కాదు, బ్యాటరీ ఒంటి మీది చిట్టీని చదవాలె. చార్జర్ మీద 'అవుట్‌పుట్' అన్నకాడి నంబర్ చూడాలె. సీసమా, లిథియమా అన్నది సుత కలవాలె. మీటరు పెట్టి చూస్తం అంటరు, డీసీ 200 మీద పెట్టి చూడొచ్చు. కాని దాని గవాహీ ఒక్కటే చాలదు. ఖాళీ అయిన ఐదు సెల్లుల ప్యాకు 15 చూపిస్తది, దాన్ని 12ది అనుకునేటోళ్లుంటరు. చిట్టీ చిరిగిపోతే మిస్త్రీతోని విప్పించి సెల్లులు లెక్కపెట్టించాలె, అందాక చార్జింగ్ బంద్.

"చదువు రానోళ్ల గల్తీ" అని దుకాన్‌దార్లు తప్పించుకుంటరు. నేనొప్పుకోను. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే ఊర్ల ఇంగ్లీషు చిట్టీ, అదీ చీమ తలకాయంత అక్షరాలు! 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరైన సూచన, హెచ్చరిక లేకుండ సామాన్ అమ్మి నుక్సాన్ అయితే జిమ్మేదారీ తయారుచేసినోళ్లదనే అంటది, కొన్ని హాలత్‌లల్ల అమ్మినోళ్లది సుత. అందుకే అమ్మేటప్పుడే మార్కర్‌తోని బ్యాటరీ మీద, చార్జర్ మీద ఒకటే నంబర్, పక్కన 'సీసం' అనో 'లిథియం' అనో రాసియ్యమని అడుగుండ్రి. రాయనంటే పక్క దుకాన్ల కొనుండ్రి.