ఎండ కన్నెరగని సోలార్ సెల్

మళ్లీ రికార్డట! ఆర్గానిక్ సోలార్ సెల్ సామర్థ్యం ఇరవై శాతం దాటిందట! చప్పట్లు కొట్టేముందు ఒక్కటి అడగండి: ఆ సెల్ ఎంతుంది? చాలాసార్లు చదరపు సెంటీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కందిబద్ద కింద దాగిపోతుంది. పుట్టిందెక్కడ? నైట్రోజన్ నింపిన పెట్టెలో, రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి చేస్తే. కొలిచిందెక్కడ? దీపం కింద. ఎండ కన్నెరగని బిడ్డకు సూర్యం అని పేరుపెట్టి ఊరేగిస్తున్నాం.

ఆర్గానిక్ అంటే పేడ ఎరువు వేసి పండించింది అనుకునేరు! ఇక్కడ ఆ మాటకు అర్థం కార్బన్ రసాయనం, అంతే. రికార్డు సెల్‌లో పొర పరచడానికి చాలాసార్లు వాడే ద్రావకం క్లోరోఫామ్.

ఇందులో సత్తువ లేదనను. 1986లో కొడాక్‌లో చింగ్ టాంగ్ చేసిన రెండు పొరల సెల్ ఒక శాతం దగ్గరికి వచ్చింది. 2019లో చైనాలో యింగ్‌పింగ్ జౌ బృందం వై6 అనే అణువుతో 15.7 శాతం సాధించింది. సిలికాన్ పలక నూట యాభై మైక్రాన్లకు అటూఇటూ ఉంటే, దీనికి మైక్రానులో పదో వంతు పొర చాలు. పత్రికలా చుట్టలు చుట్టలుగా అచ్చేసుకోవచ్చు. అదీ దీని గొప్ప! ఆ గొప్పనే శాతాల పిచ్చి మింగేస్తోంది. వై6 లాంటి అణువును కట్టాలంటే చర్య మీద చర్య, మెట్టుమెట్టుకీ శుద్ధి. ఇక చౌకెక్కడ?

లెక్క వేద్దాం. సిలికాన్ ప్యానెల్‌కు 25 ఏళ్ల వారంటీ మామూలే. సగం ధరకు అంటగట్టిన ఆర్గానిక్ రేకు మూడేళ్లకే చచ్చిందనుకోండి, ఆ పాతికేళ్లకు తొమ్మిదిసార్లు కొనాలి. సగం ధర కాస్తా సిలికాన్ ధరకు నాలుగున్నర రెట్లైంది!

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నోబెల్ గ్రహీత అలన్ హీగర్ వ్యవస్థాపకుల్లో ఒకరిగా 2001లో అమెరికాలో మొదలైన ఆర్గానిక్ సెల్ కంపెనీ సూర్యుడి గుడి పేరే పెట్టుకుంది: కోనార్కా. 2012లో దివాలా తీసింది. అయినా మన కళ్లు తెరుచుకోలేదు.

మన్నికను కొలిచే పద్ధతి లేదనకండి. పరిశోధకులే కూర్చుని 2011లో ఐసాస్ నియమాలు రాసుకున్నారు. సెల్ వైశాల్యం, ఎండలో నిలిచిన గంటలు, అణువు తయారీ ఖర్చు: ఈ మూడూ చెప్పని శాతాన్ని ఏ పత్రికా అచ్చేయకూడదు, ఏ ప్రభుత్వమూ దానికి పైసా విదల్చకూడదు.

ఆ రేకును ఎండలు మండిపోయే రెంటచింతలకు తెండి. డాబా మీద రెండు వేసవులు, రెండు వానాకాలాలు పడుండనివ్వండి. తర్వాత చెప్పండి, ఎంత శాతమో.