పాత గుడ్లు రెండట్టలు

నర్సీపట్నంలో మాది గుడ్ల కొట్టు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్లుగా, నేనే చూసుకుంటున్నాను. కనక గుడ్డును వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అంటే కాదనను. అమ్ముకునే మనిషి మాట ఎంతవరకు నమ్మొచ్చో అంతవరకే నమ్మండి.

తెల్లారకముందే గోదావరి జిల్లాల వైపు నుంచి వ్యాను వస్తుంది. పెట్టెకి ఏడట్టలు, అట్టకి ముప్పై, వెరసి 210 గుడ్లు. వంద గుడ్ల లెక్కన నెక్ రేటు ఫోన్లో చూసుకుని, నా ఖర్చులు కలిపి పలక మీద రాస్తాను. ఆ నెక్ అనేది 1982లో బండ వాసుదేవరావు గారి పూనికతో కోళ్ల రైతులంతా ఒక్కటై పెట్టుకున్న సంఘం. అంతకుముందు రేటు దళారీ నోట్లోంచి ఊడిపడేదని మా మావగారు చెప్పేవారు. సరే, కార్తీకమాసంలో పలక మీద ఏ అంకె రాసినా చూసే నాథుడుండడు. ఆ లోటంతా డిసెంబరు తీరుస్తుంది. కేకులు, సెమీ క్రిస్మస్ విందులు, చలి చూద్దామని లంబసింగి ఎక్కేవాళ్ల ఆమ్లెట్లు.

ఈ మూడు నాలుగేళ్లుగా ఆ గిరాకీలో కొత్త మాటొకటి చేరింది. "అత్తా, పాస్తా సలాడ్‌కి రెండట్టలియ్యి." పుట్టినరోజులకి, పదో తరగతి బ్యాచిల కలయికలకి, గృహప్రవేశం మర్నాడు దగ్గరవాళ్లకి పెట్టే భోజనాలకి కూడా ఇదే. ఉడికించిన పాస్తాలో గుడ్డు ముక్కలు, కీరా, క్యాప్సికం వేసి, తెల్లటి మయోనైజ్ పోసి కలిపేస్తారు. చల్లగా, మెత్తగా ఉంటుంది. పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టించుకుంటారు. పెద్దవాళ్లు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "బాగానే ఉంది గానీ ఏటో వెలితిగా ఉంది" అంటారు. నేనూ అలాగే అన్నాను మొదట్లో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వంటకం మన విందుల్లో ఉండాల్సిందే. కానీ మయోనైజ్ దీంట్లోంచి తీసెయ్యాలి. వంటవాళ్లు మానకపోతే, చేయించుకునేవాళ్లం మనమే మాన్పించాలి.

ఎందుకో చెబుతాను. ఒక మే నెలలో మా ఊళ్లోనే ఒక పుట్టినరోజు. గుడ్లు నా కొట్టువే. వంట మాత్రం కాంట్రాక్టుకిచ్చారు. పదకొండు గంటలకల్లా సలాడ్ కలిపి, పెద్ద స్టీలు బేసిన్లో షామియానా కింద పెట్టేశారు. తుని నుంచి రావాల్సిన మేనమామ రాలేదని కేకు కొయ్యడం రెండున్నర దాకా ఆగింది. షామియానా కింద మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి పదిమంది దాకా వాంతులతో పడ్డారు. తెల్లారి పిల్ల తండ్రి నా కొట్టుకొచ్చి, నలుగురి ముందు, "మురిగిపోయిన గుడ్లు అంటగట్టావు కదమ్మా" అన్నాడు. అదే పెట్టెలోంచి మరో ఐదిళ్లకిచ్చాను, మేమూ పులుసు పెట్టుకుని తిన్నాం. ఆ మాట అతనికి చెప్పాను, విన్నాడో లేదో. వంటాయన్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆయన ఆ మయోనైజ్ ఇంట్లోనే, పచ్చిగుడ్డుతో మిక్సీలో తిప్పాడని నాకు తర్వాత తెలిసింది.

మయోనైజ్ అంటే వేరే బ్రహ్మవిద్యేం కాదు. పచ్చి సొనలో నూనె సన్నధారగా పోస్తూ గిలక్కొడితే తెల్లగా బిగుసుకుంటుంది. సొనలో ఉండే లెసిథిన్ నూనెనీ నీటినీ విడిపోనివ్వదు. అంతా నూనే. చిక్కల్లా ఆ సొన పచ్చిది కావడంతోనే. గుడ్డు పెంకు మీదో లోపలో సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉంటే ఉడికించినప్పుడు చస్తుంది. గిలక్కొడితే చావదు. కేరళ ప్రభుత్వం 2023 జనవరిలో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని నిషేధించింది. తెలంగాణ 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు ఆపింది, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఆపింది. తెలంగాణ వార్త వచ్చిన వారమంతా నా కొట్టుకొచ్చిన ప్రతివాళ్లూ, "గుడ్లు మంచివేనా?" అనే అడిగారు. నిషేధించింది పచ్చి సొన చిలికిన తెల్ల ముద్దని, అనుమానం మాత్రం పెంకులోపల బుద్ధిగా కూచున్న గుడ్డు మీద!

ప్యాకెట్లలో వచ్చేది వాడుకుంటాం కదా అంటారు. నిజమే, మన దగ్గర అమ్మే వాటిలో చాలావరకు గుడ్డే ఉండదు, పులుపూ ఎక్కువే. ప్రమాదం తక్కువ. కానీ దాన్ని ఉడికిన పాస్తాతో, కోసిన కూరముక్కలతో కలిపి ఎండలో మూడు గంటలు పెడితే ప్యాకెట్టు మీద రాసిన హామీలేవీ పనిచెయ్యవు. తిండిలో సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన వేడి 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య. చల్లటి వంటకం ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే. మా ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట ఆ గంట లెక్కే. పైగా రుచి సంగతి చూడండి. నోటికి నూనె జిడ్డు, చివర్లో పంచదార తీపి. పెద్దవాళ్లు వెలితి అన్నది దీన్నే.

ఆ వెలితి ఏమిటో నాకు ముక్కనుమ నాడు తెలిసింది.

మేం 1990లో పదో తరగతి పాసైన బ్యాచి. సంక్రాంతికి అందరూ ఊళ్లోనే ఉంటారు కాబట్టి ముక్కనుమ నాడు చింతపల్లి రోడ్డులో ఒక తోటలో కలుద్దామనుకున్నాం. నలభై రెండు మంది లెక్కతేలారు. బిర్యానీ బయట చెప్పారు. మిగతావి తలా ఒకటి తెచ్చుకోవాలని తీర్మానం. "గుడ్లమ్మే దానివి, గుడ్డు సలాడ్ నువ్వే తేవాలి" అన్నారు. తప్పలేదు.

మయోనైజ్ లేకుండా గుజ్జు ఎలా అని ఆలోచిస్తూ కూచుంటే మా అమ్మ చేసే ఆవపెట్టిన పెరుగుపచ్చడి గుర్తొచ్చింది. అంతే, తోవ దొరికింది. నాలుగు లీటర్ల గేదెపాలు తోడుపెట్టిన గడ్డపెరుగు పల్చటి పంచె గుడ్డలో మూటగట్టి కొళాయికి వేలాడదీశాను. నాలుగు గంటల్లో నీరంతా ఓడి రెండు కిలోలకి కాస్త తక్కువగా, వెన్నలాంటి ముద్ద మిగిలింది. నాలుగు చెంచాల ఆవాలు పొడిచేసి చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు వదిలేశాను. వేడినీళ్లు పోస్తే ఘాటు రాదు, చన్నీళ్లే పొయ్యాలి. అరవై గుడ్లు ఉడకబెట్టి, ఇరవైటి సొనలు తీసి ఆ పెరుగులో మెదిపాను. మయోనైజ్ చిక్కదనం, ఆ పసుపురంగు, అన్నీ ఆ ఉడికిన సొనలతోనే వచ్చేశాయి. ఆవముద్ద, ఆరు పచ్చిమిరపకాయల ముద్ద, చింతపల్లి నుంచి దిగిన మిరియాల పొడి, ఉప్పు, ఆరు నిమ్మకాయల రసం, ఉసిరికాయంత అనకాపల్లి బెల్లం, ఒక గ్లాసు వేరుశనగనూనె. చేత్తో కలిపి నాలిక మీద వేసుకుంటే ముక్కులోకి ఎక్కింది. వెలితి పూడింది.

పాస్తా రెండు కిలోలు. దీన్ని వేడిగా తినేదానికన్నా ఒక నిమిషం ఎక్కువ ఉడికించాలి. చల్లారితే బిరుసెక్కుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మెతుకు సంగతి తెలుసుగా. వార్చి, చన్నీళ్లు పోసి, నూనె రాసి ఆరబెట్టాను. ఉల్లిపాయ తరుగు ఉప్పునీళ్లలో నానబెట్టి పిండేశాను. కీరాకి గింజలు తీసెయ్యకపోతే తెల్లారేసరికి నీరు దిగిపోతుంది. మిగిలిన నలభై గుడ్లు నాలుగేసి ముక్కలు, సొన తీసిన తెల్లసొనలు చిన్న ముక్కలు.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. రాత్రి కలిపేటప్పుడు ఉన్నంత జారుగా తెల్లారి ఉండదు. పాస్తా ఆ గుజ్జంతా తాగేస్తుంది. అప్పుడు మళ్లీ మయోనైజ్ ప్యాకెట్టు చింపి పోస్తారు. మన దద్దోజనం కలిపే ఏ ముసలావిడకైనా ఈ సంగతి తెలుసు. అందుకేగా అన్నంలో పెరుగుతో పాటు కాచిన పాలు పోస్తారు. మధ్యాహ్నానికి పులవదు, గట్టిపడదు. నేనూ పెరుగు గుజ్జులో మూడోవంతు విడిగా దాచి, పొద్దున్న గ్లాసున్నర చల్లటి పాలతో పల్చన చేసి, వడ్డించే ముందు కలిపాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నది నాలుగు గిన్నెల్లోకి సర్ది, థర్మకోల్ పెట్టెలో ఐసు మీద పెట్టి తీసుకెళ్లాను. బల్ల మీద ఒకసారికి ఒకే గిన్నె. అది ఖాళీ అయ్యాకే రెండోది బయటికి తీశాను. నలభై మందికి కాబట్టి సరిపోయింది, నాలుగొందల మందికైనా వంటవాళ్లు చెయ్యగలిగింది ఇదే. పెద్ద బేసిన్ నిండుగా కనిపించాలన్న పట్టింపు ఒక్కటి వదులుకుంటే చాలు.

మా బ్యాచిలో లెక్కల మాస్టారొకాయన ఉన్నాడు, ఏ వంటకైనా వంక పెడతాడు. ఒక చెంచా తిని, "ఏటే ఇది, ఆవకాయలో అన్నమా, దద్దోజనమా?" అన్నాడు. అని రెండోసారి పెట్టించుకున్నాడు. మూడోసారి అడిగేసరికి గిన్నె అడుగు కనిపిస్తోంది.

ఇది మన వంట కాదు కదా అని ముఖం చిట్లించేవాళ్లకి ఇంతకంటే చెప్పను. చల్లటి పెరుగులో ఉడికిన ధాన్యం కలుపుకుని పదిమందిలో పంచుకోవడం మనకి గుడిలో ప్రసాదమంత పాత అలవాటు. సేమియాతో బగళాబాత్ చేసినప్పుడు ఎవరూ వంక పెట్టలేదు. గోధుమరవ్వ కాస్త లావుగా మెలితిరిగి వస్తే ఏమైంది? ఇంకొకటి కూడా. పనంతా ముందురోజు రాత్రే అయిపోతుంది. ఆ రోజు నేను తోటలో కుర్చీ వేసుక్కూచుని ముప్పై అయిదేళ్ల కబుర్లు విన్నాను. మామూలుగా మా ఇళ్లలో విందంటే ఆడవాళ్లకి పొయ్యి ముందే తెల్లారుతుంది.

గుడ్ల సంగతి చెప్పకుండా ఎలా ముగిస్తాను. అందరూ "తాజావి ఇయ్యమ్మా" అంటారు. మర్నాడొచ్చి, "పెంకుతో పాటు సగం గుడ్డు ఊడొచ్చింది" అని తిడతారు. నిన్న పెట్టిన గుడ్డు ఉడకబెడితే పెంకు వదలదు. తెల్లసొన లోపలి పొరకి అంటుకుపోయి ఉంటుంది. పెంకుకి కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి. వారం పది రోజులు గడిస్తే వాటిలోంచి లోపలి వాయువు బయటికి పోయి, తెల్లసొన గుణం మారి, పొర పట్టు వదులుతుంది. సలాడ్‌కి అరవై గుడ్లు నున్నగా వలవాలంటే వారం దాటినవే కావాలి. అనుమానమైతే నీళ్లలో వెయ్యండి. అడుగున పడుకుంటే కొత్తది, నిలబడితే సలాడ్‌ది, తేలితే చెత్తబుట్టది. మరిగే నీళ్లలో పన్నెండు నిమిషాలు, తీసీతియ్యగానే చన్నీళ్లలోకి. ఎక్కువసేపు ఉడికిస్తే సొన చుట్టూ పచ్చటి గీత పడుతుంది. తెల్లసొనలోని గంధకం, పసుపుసొనలోని ఇనుము కలిసి చేసే పని అది. హాని లేదు గానీ, చూసినవాళ్లు మళ్లీ నా గుడ్లనే అంటారు.

మొన్న మా లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు. మనవరాలి పుట్టినరోజట. "గుడ్లు రెండట్టలు పక్కన పెట్టు, పాతవే చూసియ్యి, తాజావి వద్దు" అని గట్టిగా అరుస్తున్నాడు. స్పీకరు పెట్టి ఉంది. కొట్లో గుడ్లు కొనడానికొచ్చిన కొత్త కోడలొకావిడ ఆ మాట విని, చేతిలో అట్ట నెమ్మదిగా కింద పెట్టేసి వెళ్లిపోయింది.