ఎరుపెక్కిన ఫొటోలలో అబిడ్స్

గృహదర్శనాలకు వెళ్ళినప్పుడు కాఫీ వచ్చేలోగా పెద్దవారు బీరువాలోనుండి ఆల్బం తీయడం మామూలే. పెళ్ళి ఫొటోలయ్యాక ఏదో ఒక పేజీలో హైదరాబాదు అబిడ్స్ సెంటరు కనబడుతుంది. జనరల్ పోస్టాఫీసు, ఒక డబుల్ డెక్కర్ బస్సు, నాలుగు సైకిళ్ళు, మిగిలినదంతా ఖాళీ రోడ్డు. "ఆ రోజులే వేరండీ పాస్టరుగారూ" అని నిట్టూరుస్తారు.

ఆ నిట్టూర్పు ఈనాటిది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిడ్ అనే ఆయన అక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే ఆ చోటికి నిలిచింది. తరువాత అక్కడే ప్యాలెస్ టాకీసు వెలిసింది. దుకాణం ఎరిగినవారు టాకీసును చూచి నిట్టూర్చియుంటారు. టాకీసు ఎరిగినవారు ఇప్పుడు నిట్టూరుస్తున్నారు. డబుల్ డెక్కర్లు మాత్రం పోయినా, 2023లో కరెంటుతో నడిచేవిగా తిరిగి వచ్చాయి.

ఆ ఫొటోలలో ఎప్పుడూ సాయంకాలపు ఎండ కాసినట్లుంటుందేమి? కలర్ ప్రింటులో పసుపు, గులాబి, నీలి రంగుల పొరలు మూడు ఉంటాయి. 1960, 70లనాటి కాగితాలలో చాలావాటికి, ఆల్బంలో చీకటిలో మూసియుంచినా, నీలిపొర ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. మనము మురిసిపోయే ఆ వెచ్చదనములో కొంత ఈ రసాయనము పనే! 1936లో వచ్చిన కొడాక్రోమ్ స్లైడులు చీకటిలో భద్రపరిస్తే ఇంత వెలవవు. వాటిలో చూస్తే అదే ఎండ మామూలు మిట్టమధ్యాహ్నపు ఎండే. ఆ ఫిల్ము తయారీ 2009లో ఆగిపోయింది.

ఇంకొక మాట. అటువంటి ఫొటోలలో ఒక మూల తరచుగా రిక్షా ఉంటుంది. ఇద్దరిని కూర్చోబెట్టుకొని పెడలు మీద నిలబడి తొక్కుతున్న మనిషి వీపు కనబడుతుంది. "ఎంత ప్రశాంతంగా ఉండేది!" అన్నప్పుడు నా కన్ను ఆ చొక్కా మీదికే పోతుంది. ఆయన్ని అడిగితే ఏమనేవాడో! అయినా పెద్దల నిట్టూర్పును నేను కొట్టివేయను. ఆ రోడ్డు మీద వారు తమ తండ్రి చెయ్యి పట్టుకొని నడిచారు. ఆ చెయ్యి ఇప్పుడు లేదు.

కాబట్టి పిల్లలకు నాదొక మనవి. ఈ నెలలోనే ఆల్బం తీసి తాతగారి పక్కన కూర్చోండి. ఎవరు, ఏ యేడు, ఏ దుకాణం ముందర అని అడిగి ప్రతి ఫొటో వెనుక అంచున వ్రాయండి. మెత్తని పెన్సిలుతోనే సుమా. బాల్‌పెన్ను నొక్కితే ముందువైపున గీత తేలుతుంది.