కుక్కను తిప్పడం పట్నం షోకు కాదు

దుత్తలూరు, ఉదయగిరి పక్క ఊళ్ళలో ఎవరైనా పొద్దున్నే కుక్క మెడకు బెల్టు కట్టి రోడ్డెక్కితే చాలు, టీకొట్టు దగ్గర మాట పడుతుంది. "ఏందన్నా, కుక్కను వాకింగుకు తీసకపోతుండావా? నెల్లూరోళ్ళ మాదిరి అయిపోయినావే!" కుక్కను తిప్పడం పార్కులున్న చోట జరిగే ముచ్చటనీ, పల్లెలో అయితే కట్టెయ్యాలి, లేదా వదిలెయ్యాలి అనీ మావాళ్ళ నమ్మకం. ఈ రెండు పద్ధతులూ తప్పే.

ఇంటి ముందు వేపచెట్టుకు కట్టేసిన కుక్కను దగ్గరికి పోయి చూడండి. గొలుసు అందినంత మేర గుండ్రంగా గడ్డిపోచ లేని నేల. మెడచుట్టూ బొచ్చు ఊడి, తోలు మొద్దుబారి ఉంటుంది. తిన్న చోటే పడుకోవాలి, పడుకున్న చోటే దొడ్డికి పోవాలి. కట్టేస్తేనే కోపం పెరుగుతుంది, కోపముంటేనే కాపలా అంటారు. ఆ కోపానికి దొంగెవరో దొర ఎవరో తెలియదు. పాలుపోసే మనిషి మీదా, బంతి కోసం వచ్చిన పిల్లాడి మీదా పడుతుంది. రోజూ వచ్చిపోయేవాళ్ళెవరో, కొత్తవాళ్ళెవరో కుక్క పసిగట్టాలంటే అది నాలుగు వీధులు వాసన చూసి ఉండాలి. కాపలా కుక్కకే నడక ఎక్కువ అవసరం.

దీన్ని పట్నం షోకు అనేవాళ్ళు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చూడాలి. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోవడం నేరమని 11వ సెక్షన్ చెబుతోంది. పల్లెకు మినహాయింపేమీ లేదు.

వదిలెయ్యడం జాలిగా కనిపిస్తుంది గానీ నాకు అదే ఎక్కువ భయం. కంది కోసిన చేలల్లో గొర్రెల మందలు తిరుగుతుంటాయి. వదిలేసిన కుక్క ఒక గొర్రెపిల్లను తరిమి కరిచిందంటే ఆ నష్టం గొర్రెలాయనది. అడగబోతే మా కుక్క కాదంటారు. పెంపుడు జంతువు వల్ల మనిషికి ప్రాణాపాయం, తీవ్ర గాయం కలగకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయని ఎంతమందికి తెలుసు? ఇక రేబిస్. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. అయినా కరిచిన చోట సున్నమో కారమో పూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. చెయ్యాల్సింది సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడగడం, ఆ వెంటనే సూదిమందుకు పోవడం.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న దాన్ని సవరించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయినవాటిని పట్టిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ మీదపడేవాటినీ తప్ప. అప్పటినుంచి టీకొట్లలో వీధికుక్కల మీద వాదనలే వాదనలు. ఇంటి కుక్కను ఊరిమీదికి వదిలి, అది ఈనితే పిల్లల్ని గోతంలో వేసి బస్టాండు దగ్గర వదిలినవాళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ పిల్లలే కదా రేపటి వీధికుక్కలు!

పార్కు లేదనేది సాకు. చెరువుకట్ట ఉంది, డొంకదారి ఉంది. మొదలుపెట్టడానికి ఫాల్గుణాన్ని మించిన నెల లేదు. వేపాకు రాలుతుంటుంది, ఎండ ముదిరేదాకా నేల చల్లగానే ఉంటుంది. చైత్రం దాటితే తారురోడ్డు మీద అరికాళ్ళు కాలతాయి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని దారి. అందుకని ఎండ ఎక్కకముందే ఇంటికి చేర్చాలి. మంద ఎదురొస్తే తాడు కురచగా పట్టుకోవాలి, తాడు చిన్నపిల్లల చేతికివ్వకూడదు.

ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. తాడుతో నడిచే అలవాటు లేని కుక్కను ఇద్దరు మనుషులు అదిమిపట్టి ఆటోలో వెయ్యాలి. అది గింజుకుంటుంది, కరుస్తుంది, దాంతో చాలామంది టీకాకే తీసుకుపోరు. ఇప్పుడు రోజూ అరగంట తిప్పడం మొదలుపెడితే జూలై నాటికి ఏ కుక్కయినా ఆసుపత్రి దాకా పక్కనే నడుచుకుంటూ వస్తుంది.