పెద్ద మూట, చిన్న సంచీ

ఫోనుల పుణ్యమా అని యిప్పుడు ప్రతి యింట్లోనూ వొక సినిమా కంపెనీ వెలిసింది. బారసాల మొదలు షష్టిపూర్తి దాకా తీయని దృశ్యం లేదు. తీయడం వరకూ బాగానే వుంది. దాన్ని వొకరికి పంపవలసి వచ్చినప్పుడే తంటా.

మా పక్కవాటా బాబాయిగారి దగ్గర నలభై నిమిషాల వీడియో వొకటుంది. వాళ్ళమ్మగారు మంగళహారతులు పాడినది. ఆవిడ కిందటేడు పోయారు. ఆ కంఠం యిక అందులోనే వినాలి. డల్లాసులో వున్న అమ్మాయికి దాన్ని పంపాలని ఆయన కోరిక. బరువు చూస్తే రెండున్నర జీబీ పైమాటే.

"వాట్సాప్‌లో కొట్టేస్తే పోలా?" అన్నారాయన.

అట్లా పోదు. మామూలు వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని పిండి, కుదించి మరీ పంపుతుంది. 'డాక్యుమెంటు'గా పంపితే వున్నదున్నట్టు వెళ్తుంది గాని, 2 జీబీ దాటనివ్వదు. యిక జీమెయిలు సంచీలో పట్టేది 25 ఎంబీ. అందులో వొక్క హారతి పల్లవి కూడా పూర్తి కాదు.

వుయ్‌ట్రాన్స్‌ఫర్ వుంది. డబ్బివ్వకుండా 3 జీబీ దాకా పంపవచ్చు. కాని 2024 డిసెంబరు నుంచి ఉచితంగా యిచ్చే లింకు మూడు రోజులే పనిచేస్తోంది. మునుపు వారం గడువుండేది. ఆ అమ్మాయికి తీరిక దొరికేది శనివారం నాడు. సోమవారం పంపితే గురువారానికే చెల్లు! వెంటనే దింపుకునేవారికి భేషైన సర్వీసే, కాదనను.

అందుచేత నా వోటు గూగుల్ డ్రైవుకు. 15 జీబీ ఉచితం. మెయిళ్ళూ ఫోటోలూ కూడా అందులోనే సర్దుకోవాలి సుమండీ! మనం తీసేయకపోతే ఈ శనివారం కాకున్నా వచ్చే శనివారం దింపుకోవచ్చు. 'లింకు వున్నవారెవరైనా' చూడవచ్చునన్న వీలు వద్దని, అమ్మాయి మెయిలు విలాసం వొక్కటే యిప్పించాను. లింకు దారి తప్పి యింకొకరి చేతిలో పడ్డా తలుపు తెరుచుకోదు.

డ్రైవులో మనమిచ్చేది గది తాళంచెవి మాత్రమే. వస్తువు మన గదిలోనే వుంటుంది. మనం తుడిచేస్తే వాళ్ళకీ కనబడదు. కనుక అమ్మాయి తన కంప్యూటరులోకి దింపుకుని, చివరిదాకా విన్నానని ఫోను చేసేవరకూ తుడవవద్దన్నాను. ఉచిత సత్రాల సంగతి తెలిసిందే గదా. మోజిల్లావారు 2019లో తెరిచిన ఫైర్‌ఫాక్స్ సెండ్ 2020లోనే మూతబడింది.

పిన్నిగారు మాత్రం నేను చెప్పకముందే వొక ప్రతి పెన్‌డ్రైవులో వేయించి బీరువాలో దాచారు.